ప్రకటనలో పలికే ఆ గొంతు ఎవరిది?



ఈ సంచికకు పనికొచ్చే వ్యాసం ఒకటి రాయమని వార్డెన్ గారు కబురు పంపినప్పుడు మేము పాత విద్యార్థులం ముగ్గురం కూర్చుని చాలాసేపు ఆలోచించాం. పోటీ పరీక్షల గురించీ, స్కాలర్‌షిప్పుల గురించీ రాసేవాళ్ళు ఎలాగూ ఉంటారు. అందుకని మన హాస్టల్లో ఏటా వార్షికోత్సవానికి వారం ముందు గొడవ తెచ్చే వస్తువు గురించే రాద్దామనుకున్నాం. ఆ వస్తువు మైకు. అది ఎవరి చేతికి ఇవ్వాలి, ఎవరి గొంతు "బాగుంటుంది" అన్న పంచాయితీ మా రోజుల్లో ఉండేది. ఇప్పుడూ ఉందని విన్నాం.

మేము పదో తరగతి చదివిన 1997లో మైకు టౌను నుంచి వచ్చిన ఒక అబ్బాయికి దక్కింది. అతను పుస్తకంలో రాసినట్టు మాట్లాడేవాడు. మా గదిలో ఇంకొకడుండేవాడు. వాడిది బొంగురు గొంతు. మాట మొదలుపెడితే రేకు డబ్బాలో రాళ్ళు వేసి ఊపినట్టుండేది. అందరం వాణ్ణి "రేకు డబ్బా" అనే పిలిచేవాళ్ళం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది గానీ, పిలిచాం. యాస అచ్చం పాలమూరు పల్లెది. ఆ రోజు వాడికి కుర్చీలు వేసే పని అప్పజెప్పారు.

మరుసటి ఏడాది దసరాకు మండల కేంద్రంలో ఒక బట్టల దుకాణం సేటు ఆటోకు మైకు కట్టించి ప్రచారం చేయించాలనుకున్నాడు. క్యాసెట్ల షాపులో రికార్డింగు. చదవాల్సిన మనిషి రాలేదు. పాటలు నింపించుకోవడానికి అక్కడికి వెళ్ళిన మావాడిని పట్టుకుని కాగితం చేతిలో పెట్టారు. చదివాడు. నూటయాభై రూపాయలు, ఒక ప్యాంటు గుడ్డ ఇచ్చారు. ఆ క్యాసెట్టు చుట్టుపక్కల మండలాల్లో నాలుగేళ్ళు తిరిగింది. అంగడి రోజున ఆటో ఇంకా చెరువు కట్ట మీద ఉండగానే ఇళ్ళలో ఆడవాళ్ళు "బట్టల షాపోడు వస్తున్నడు" అనేవారు. దుకాణం పేరు చెవిన పడకముందే గొంతును బట్టి దుకాణాన్ని గుర్తుపట్టేవారన్నమాట.

పెద్ద పెద్ద కంపెనీలు డబ్బు ఖర్చుపెట్టి వెతుక్కునేది సరిగ్గా దీన్నే. వినడానికి హాయిగా ఉండే గొంతులు వేలకొద్దీ దొరుకుతాయి. ఒకసారి విన్నాక మరో గొంతుతో కలిసిపోకుండా ఉండేవి మాత్రం తక్కువ. ప్రకటనకు కావలసింది ఈ రెండో రకం. అది ఎందుకో, ఎలాగో, ఆ గొంతు ఇచ్చిన మనిషికి దక్కేదేమిటో మాకు తెలిసినంతలో చెబుతాం.

గొంతు ఎలా తయారవుతుంది?

మన మెడలో స్వరపేటిక అనే చిన్న పెట్టె ఉంటుంది. అందులో రెండు స్వరతంత్రులుంటాయి. ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలి తాకి అవి కంపిస్తాయి. మగవాళ్ళలో సెకనుకు సుమారు 120 సార్లు, ఆడవాళ్ళలో సుమారు 200 సార్లు, చిన్నపిల్లల్లో ఇంకా ఎక్కువ. కాని అక్కడ పుట్టేది ఉత్త మోత. దాన్ని మన గొంతుగా మలిచేది పైనున్న గొంతు గొట్టం, నోరు, ముక్కు, పళ్ళు, నాలుక. ఊదేది ఒకే గాలి అయినా సన్నాయి ఒకలా, బూర ఒకలా పలుకుతాయి కదా, అలాగే. ఏ ఇద్దరి నోరూ ఒకే కొలతలో ఉండదు. దానికి తోడు మనం పెరిగిన ఊరు, మన ఇంట్లో వాళ్ళు మాటను ఎక్కడ లాగుతారు, ఎక్కడ విరుస్తారు అన్నదీ అందులో కలుస్తుంది.

ఎనిమిది, తొమ్మిది తరగతుల తమ్ముళ్ళకు ఇక్కడే ఒక మాట. ఆ వయసులో స్వరపేటిక త్వరగా పెరుగుతుంది. గొంతు పగిలినట్టు, ఒక్కో మాట ఒక్కో ఎత్తులో వస్తుంది. అది రోగం కాదు, కొన్నాళ్ళకు కుదుటపడుతుంది. ఆ రోజుల్లో కబడ్డీ కోర్టు దగ్గర నిలబడి అదేపనిగా అరవడం మాత్రం తగ్గించుకోండి.

బొమ్మ మీద మనిషి కనిపించకుండా మాట మాత్రమే వినిపిస్తే దాన్ని వాయిస్ ఓవర్ అంటారు. టీవీలో సబ్బు తెర మీద ఉంటుంది, మాట వెనక నుంచి వస్తుంది. రేడియోలో అయితే బొమ్మే లేదు, ఉన్నదంతా గొంతే. ప్రకటనలు మామూలుగా 10, 20, 30 సెకన్ల ముక్కలుగా ఉంటాయి. మేము గడియారం ముందు పెట్టుకుని మామూలు వేగంతో చదివి చూశాం. 30 సెకన్లలో యాభై, యాభై అయిదు తెలుగు మాటలకు మించి పట్టలేదు. ఆ యాభై మాటల్లో సరుకు పేరు, దాని గుణం, ధర, దొరికే చోటు అన్నీ చెప్పాలి. పరిచయం చేసుకోవడానికి సమయం ఉండదు. అందుకే మొదటి మాటతోనే "ఇది ఎవరో నాకు తెలుసు" అనిపించే గొంతు కావాలి. తెలిసిన మనిషి మాట మనం ఆగి వింటాం. తెలియని మనిషి మాట చెవి పక్కనుంచి పోతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. మన టీవీల్లో వచ్చే పెద్ద ప్రకటనలు చాలావరకు ముంబయిలో హిందీలోనో ఇంగ్లీషులోనో తయారవుతాయి. తర్వాత తెలుగు గొంతు అతికిస్తారు. హిందీలో "హై" అని ఒక్క అక్షరంతో అయిపోయే వాక్యం తెలుగులో "ఉంటుంది" అని మూడక్షరాలు పడుతుంది. బొమ్మ పొడవు మారదు, మాట పొడవు పెరిగింది. పాపం ఆ తెలుగు మనిషి పరుగెత్తి చదవాలి. మన ప్రకటనలు కొన్ని ఎవరో తరుముతున్నట్టు వినిపించడానికి కారణం ఇదే. (మ్యూచువల్ ఫండ్ల ప్రకటన చివర ఊపిరి తీసుకోకుండా చెప్పే హెచ్చరిక సంగతి వేరు. అది మనకు అర్థం కావాలని చెప్పేది కాదేమోనని మా అనుమానం.)

మొదటి గొంతు మన వాడలోనిదే

రేడియో రాకముందు ఊరికి కబురు ఎలా తెలిసేది? డప్పో, టముకో కొట్టి సాటింపు వేసేవారు. పన్ను కట్టే గడువు, సంత మారిన రోజు, జాతర తేదీ, తప్పిపోయిన ఎద్దు, ఊరికి వచ్చిన అధికారి... అన్నీ సాటింపులోనే. మూడు దెబ్బలు వేసి, ఆగి, ఊపిరి నింపుకుని, మాటను సాగదీసి, వీధి చివరి ఇంటికి వినబడేలా చెప్పడం ఒక విద్య. ఎక్కడ ఆగితే జనం బయటికి వస్తారో ఆయనకు తెలుసు. స్టూడియోలో ఈ రోజు నేర్పే సంగతులు చాలావరకు ఇవే.

మన హాస్టల్లో చదువుకున్నవాళ్ళలో ఎంతోమంది తాతలు ఆ డప్పు పట్టినవాళ్ళే. చాలా ఊళ్ళలో అది కులం పనిగా, వెట్టిగా చేయించుకున్న పని. ఊరంతా ఆయన గొంతు విని కదిలేది. గొంతుకు మాత్రం కూలి లేదు, ఏడాదికింత గింజలు పెట్టడమే. ఈ సంగతి గుర్తుపెట్టుకుని ముందుకు చదవండి. వ్యాసం చివరి భాగంలో దీనితో పని ఉంది.

పరీక్షలో తప్పిన గొంతు

మన దేశంలో గొంతుతో సరుకు అమ్మడం అనగానే మొదట చెప్పుకోవలసిన పేరు అమీన్ సయానీ. 1932లో బొంబాయిలో పుట్టారు. అన్న హమీద్ సయానీ అప్పటికే రేడియోలో ఉన్నారు. అమీన్ హిందీ అనౌన్సరు పనికి ఆకాశవాణిలో పరీక్షకు వెళితే తీసుకోలేదు. ఉచ్చారణలో గుజరాతీ, ఇంగ్లీషు ఛాయలు ఉన్నాయన్నారట. ఈ సంగతి ఆయనే తర్వాత చాలాచోట్ల చెప్పుకున్నారు.

అప్పుడు రోజులు ఆయనకు కలిసొచ్చాయి. 1952లో కేంద్ర సమాచార మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్‌కు సినిమా పాటలంటే పడదు. ఆకాశవాణిలో అవి తగ్గిపోయి శాస్త్రీయ సంగీతం పెరిగింది. పాటల కోసం జనం రేడియో సిలోన్ వైపు తిరిగారు. అక్కడ ప్రకటనలకు కూడా చోటుంది. బినాకా టూత్‌పేస్టు కంపెనీ డబ్బుతో 1952 డిసెంబరులో "బినాకా గీత్‌మాలా" మొదలయింది. చెప్పేవాడు అమీన్ సయానీ. అందరూ "సోదర సోదరీమణులారా" అని మొదలుపెట్టే రోజుల్లో ఆయన అక్కచెల్లెళ్ళను ముందు పెట్టి పిలిచారు. బరువైన మాటలు లేవు. పక్కింటాయన అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పినట్టు ఉండేది. ఆ తేలిక మాట ఆయనకు ఇంట్లోనే వచ్చింది. తల్లి కుల్సుమ్ సయానీ గాంధీజీ సూచన మేరకు "రహబర్" అనే పత్రికను, చదువు కొత్తగా నేర్చుకునేవారి కోసం సులువైన హిందుస్తానీలో నడిపేవారు. చిన్నతనంలో అమీన్ ఆ పనిలో తల్లికి సాయం చేశారు.

ఆ కార్యక్రమం పేర్లు, స్టేషన్లు మారుతూ నాలుగు దశాబ్దాలు నడిచింది. ఆయన జీవితంలో 54 వేలకు పైగా రేడియో కార్యక్రమాలు, 19 వేలకు పైగా స్పాట్లు, జింగిల్సు చేశారని లెక్క చెబుతారు. 2009లో పద్మశ్రీ వచ్చింది. 2024 ఫిబ్రవరిలో కన్నుమూశారు. పరీక్షలో వంక పెట్టిన ఆ ఉచ్చారణే ఆయనను వేరుగా నిలబెట్టిందని మేమనుకుంటాం. శుద్ధంగా చదివే అనౌన్సర్లలో ఆయన ఒకడై ఉంటే ఆ టూత్‌పేస్టును ఇంతకాలం ఎవరు గుర్తుపెట్టుకునేవారు?

ఆకాశవాణి ఈ దెబ్బకు మేలుకుని 1957 అక్టోబరు 3న వివిధ భారతి తెచ్చింది. పదేళ్ళకు, 1967 నవంబరు 1న, వివిధ భారతిలో వ్యాపార ప్రకటనలు మొదలయ్యాయి. మన నాన్నల తరానికి తెలిసిన రేడియో ప్రకటనలన్నీ ఆ దారిన వచ్చినవే.

అమితాబ్ బచ్చన్‌ను కూడా ఆకాశవాణి గొంతు పరీక్షలో తీసుకోలేదని అందరూ చెప్పుకునే కథ. అది మీకూ తెలిసే ఉంటుంది, అందుకే పొడిగించడం లేదు. 1969లో మృణాల్ సేన్ "భువన్ షోమ్"లోనూ, 1977లో సత్యజిత్ రే "శత్రంజ్ కే ఖిలాడీ"లోనూ ఆయన మనిషి కనిపించకుండా గొంతు మాత్రమే వాడుకున్నారన్నది చాలు. మాకు ముఖ్యమనిపించింది పోలియో ప్రచారం. 1995లో పల్స్ పోలియో మొదలయింది. 2002 నుంచి అమితాబ్ ఆ ప్రచారంలోకి వచ్చారు. బుజ్జగించి చెబితే కొన్నిచోట్ల జనం కదల్లేదు. అప్పుడు ఆ ప్రకటనల్లో ఆయన చేత కోప్పడించారు. పిల్లలకు చుక్కలు వేయించని తల్లిదండ్రుల మీద ఇంటి పెద్ద విసుక్కున్నట్టు విసుక్కున్నారు. ఎందుకొచ్చావమ్మా అని అడిగితే "అమితాబ్‌కు కోపం వచ్చింది కదా" అని తల్లులు చెప్పేవారని ఆ ప్రచారంలో పనిచేసినవారు చెప్పే ముచ్చట. అదే కోపం ఎవరో తెలియని గొంతు చేసి ఉంటే జనం తిరిగి కోప్పడేవారు. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లో నమోదయింది. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మనకు పోలియో రహిత ధృవపత్రం ఇచ్చింది. ఇంటింటికీ తిరిగిన అంగన్‌వాడీ, ఆరోగ్య కార్యకర్తల కాళ్ళ కష్టం అందులో అన్నిటికంటే పెద్దది. గొంతు చేసింది తలుపు తీయించడం వరకే.

పేరు లేని గొంతులు

తెలుగువాళ్ళం మనందరం గుర్తుపట్టే ప్రకటన గొంతు ఏది అని మా ముగ్గురిలో పందెం పెట్టుకున్నాం. ముగ్గురం ఒకటే చెప్పాం. సినిమా హాల్లో లైట్లు ఆరగానే "ఈ నగరానికి ఏమైంది" అని మొదలయ్యే పొగాకు వ్యతిరేక ప్రకటన. హిందీ నుంచి తెలుగులోకి వచ్చిన మాటలవి. మామూలుగా మనం ఎవరమూ అలా మాట్లాడం. అయినా ఆ దిగులు గొంతు, ఆ సాగదీత మనసులో నాటుకుపోయాయి. 2012 అక్టోబరు 2 నుంచి సినిమాల ముందు, మధ్యలో ఇలాంటి హెచ్చరికలు వేయడం తప్పనిసరి అయింది కాబట్టి వినక తప్పలేదనుకోండి. కాని జనం దాన్ని విసుక్కుంటూనే వల్లె వేశారు, అనుకరించారు, జోకులు వేసుకున్నారు. చివరికి 2018లో తరుణ్ భాస్కర్ తన సినిమాకు అదే పేరు పెట్టారు. అంతమంది నోట నానిన ఆ గొంతు ఎవరిదన్నది మాత్రం తెర మీద పడదు. ప్రకటనకు టైటిల్స్ ఉండవు కదా.

సినిమా డబ్బింగులో పరిస్థితి కొంత నయం. రాజశేఖర్ ఆవేశంగా డైలాగు చెబుతుంటే ఆ గొంతు సాయికుమార్‌దని మా హాస్టల్లో అందరికీ తెలుసు. 2009లో "అరుంధతి" వచ్చినప్పుడు తెర మీద సోనూ సూద్, గొంతు సాయికుమార్ తమ్ముడు రవిశంకర్‌ది. ఆ సినిమాతో ఆయన పేరుకు ముందు "బొమ్మాళి" వచ్చి చేరింది. మనిషి ముఖం కంటే ముందు గొంతే ఊరూరా తిరిగింది.

యాస సంగతి కూడా చెప్పాలి. చాలాకాలం మన సినిమాల్లో, ప్రకటనల్లో కొన్ని జిల్లాల మాటే "మంచి తెలుగు". మా పాలమూరు మాట, మీ శ్రీకాకుళం మాట, రాయలసీమ మాట నవ్వించడానికో, రౌడీకో, పనిమనిషికో. హీరోయిన్ డాక్టరు చదువుతుంటే ఆ మాట ఉండేది కాదు. 2012 తర్వాత టీవీ వార్తల్లో తీన్మార్ కార్యక్రమాలు తెలంగాణ యాసలోనే వచ్చి జనాన్ని కూర్చోబెట్టాయి. 2017లో "ఫిదా"లో సాయి పల్లవి, తమిళనాడు అమ్మాయి అయి కూడా, తెలంగాణ యాస నేర్చుకుని తన పాత్రకు తనే చెప్పుకుంది. ఇప్పుడు ఎఫ్.ఎం.లో, ఫోన్లో వచ్చే ప్రకటనల్లో ఊరి యాస వినబడటం మామూలయింది. సంతోషమే. అయితే కొన్ని ప్రకటనల్లో యాస అంటే ప్రతి మాట చివరా ఒక దీర్ఘం తీయడమనే అనుకుంటున్నట్టుంది. ఆ యాసలో పుట్టినవాళ్ళకు అది నకిలీ అని మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది. ఆ చోట్లో నిజంగా ఆ ఊరి పిల్లలే ఉండాలన్నది మా అభిప్రాయం. ఆ పిల్లలు మన హాస్టళ్ళలోనే ఉన్నారు.

నత్తి ఉన్న తమ్ముళ్ళ కోసం ఇంకొకరి సంగతి. అమెరికా నటుడు జేమ్స్ ఎర్ల్ జోన్స్‌కు చిన్నప్పుడు నత్తి. ఆ సిగ్గుతో ఏళ్ళ తరబడి బడిలో దాదాపు మాట్లాడనే లేదు. ఆ కుర్రవాడు కవిత్వం రాస్తాడని హైస్కూలు మాస్టారు కనిపెట్టి, తన కవిత తనే తరగతిలో పైకి చదవమన్నారు. చదివితే నత్తి రాలేదు. ఆ నల్లజాతి కుర్రవాడే పెద్దయ్యాక "స్టార్ వార్స్"లో డార్త్ వేడర్‌కు గొంతు ఇచ్చాడు. సి.ఎన్.ఎన్. టీవీ పేరు చెప్పే గొంతూ, ఒక టెలిఫోను కంపెనీ ప్రకటనల్లో పలికిన గొంతూ ఆయనదే. 2024 సెప్టెంబరులో, 93 ఏళ్ళ వయసులో చనిపోయారు.

గొంతు దొంగతనం

ఇక మా రేకు డబ్బా సంగతికి వద్దాం. నాలుగో ఏడు దసరాకు మావాడు సేటు దగ్గరికి వెళ్ళి, "సేటూ, నా గొంతు ఇన్నేండ్ల సంది తిప్పుతున్నరు, ఇంకేమన్న ఇయ్యరాదు" అని అడిగాడు. "అప్పుడే ఇచ్చినం గదరా" అన్నాడు సేటు. కాగితం లేదు, మాటా లేదు. అది చాలదన్నట్టు పక్క బజారులో ఇంకో దుకాణం వాళ్ళు వేరే కుర్రాడి చేత అచ్చం మావాడిలాగే బొంగురుగా చెప్పించి ఆటో తిప్పారు. జనం మావాడే అనుకున్నారు. సేటు కూడా మావాడే అనుకుని దుకాణం మెట్లెక్కనివ్వలేదు. సాటింపు వేసిన తాతకు గింజలు, మనవడికి ప్యాంటు గుడ్డ. అంతే తేడా.

ఇలాంటిదే అమెరికాలో పెద్ద కోర్టుదాకా పోయింది. 1985లో ఫోర్డ్ కార్ల ప్రకటన కోసం యంగ్ అండ్ రూబికామ్ అనే ఏజెన్సీ గాయని బెట్ మిడ్లర్‌ను అడిగింది. ఆమె తరఫువాళ్ళు కుదరదన్నారు. అప్పుడు ఆమె వెనక పదేళ్ళు కోరస్ పాడిన మరో గాయనిని పిలిచి, వీలైనంత మిడ్లర్‌లాగే పాడమన్నారు. పాట హక్కులు డబ్బిచ్చి కొన్నారు కాబట్టి తప్పేముందని వాదించారు. 1988లో అప్పీలు కోర్టు తీర్పు ఏమిటంటే, అందరికీ తెలిసిన విలక్షణమైన గొంతును సరుకు అమ్మడానికి కావాలని అనుకరిస్తే అది ఆ మనిషికి చెందినదాన్ని తీసుకోవడమే. తర్వాత జ్యూరీ 4 లక్షల డాలర్లు ఇప్పించింది. ప్రకటనలకు పాడనని నియమం పెట్టుకున్న టామ్ వెయిట్స్ అనే గాయకుడి గరుకు గొంతును ఒక చిప్స్ ప్రకటనలో అనుకరించినందుకు ఫ్రిటో లే కంపెనీ మీద 20 లక్షల డాలర్లకు పైగా పడింది. 1992లో అప్పీలు కోర్టు కూడా దాన్ని సమర్థించింది. వెయిట్స్ గొంతు ఎంత గరుకంటే, మన హాస్టల్లో ఉండి ఉంటే ఆయనకూ కుర్చీలు వేసే పనే ఇచ్చేవాళ్ళం.

మన దేశంలో ఈ మధ్యనే కదలిక వచ్చింది. 2022 నవంబరులో ఢిల్లీ హైకోర్టు అమితాబ్ బచ్చన్ పేరు, బొమ్మ, గొంతు ఆయన అనుమతి లేకుండా వాడరాదని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. కోటీశ్వరుడి కార్యక్రమం పేరుతో లాటరీ తగిలిందని ఫోన్లలో చేసే మోసాలు కూడా ఆ ఫిర్యాదులో ఉన్నాయి. 2024 జులైలో బొంబాయి హైకోర్టు గాయకుడు అరిజిత్ సింగ్ గొంతును కృత్రిమ మేధతో తయారుచేసి ఇచ్చే వేదికలను నిలువరించింది. కృత్రిమ మేధ అంటే ఇక్కడ అర్థం ఇది: మీ మాట కొద్ది నిమిషాలు రికార్డు చేసి యంత్రానికి ఇస్తే, మీరు ఎన్నడూ అనని మాటలు మీ గొంతుతో అది పలుకుతుంది. ఒకసారి గొంతు ఇచ్చినవాణ్ణి మళ్ళీ పిలవనక్కరలేదు. ఇదే యంత్రం ఒప్పుకోలుతో కూడా నడుస్తుంది. ముసలితనంలో జేమ్స్ ఎర్ల్ జోన్స్ తన పాత రికార్డింగుల నుంచి డార్త్ వేడర్ గొంతు తయారుచేసుకోవడానికి తనే అనుమతి ఇచ్చారు. తేడా అంతా అడగడంలో ఉంది.

మన కాపీరైటు చట్టం 1957 నాటిది. ప్రదర్శన ఇచ్చేవారి హక్కులు దానిలో 1994 సవరణతో చేరాయి, 2012 సవరణతో బలపడ్డాయి. ప్రదర్శకులు ఎవరు అన్న జాబితాలో నటుడు, గాయకుడితోపాటు గారడీవాడు, పాములాడించేవాడు కూడా ఉన్నారు. చట్టం అంత దూరం ఆలోచించింది గానీ, సంతకం పెట్టేటప్పుడు కాగితం చదవకపోతే చట్టం వచ్చి మన చెయ్యి పట్టుకోదు. అందుకే ఈ పనిలోకి వెళ్ళే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు నాలుగు సంగతులు అడిగి రాయించుకోవాలి. ఎంతకాలం వాడతారు? రేడియోకా, టీవీకా, ఫోనుకా, అన్నిటికీనా? ఏ ఊళ్ళలో, ఏ భాషలో? నా గొంతుతో యంత్రానికి శిక్షణ ఇస్తారా? చివరిది ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యం. అడిగితే పని పోతుందేమోనన్న భయం ఉంటుంది. మాకూ ఉండేది. కనీసం మొదటి మూడూ అడగడం అలవాటు చేసుకోండి.

నేర్చుకోవడానికి పెద్ద ఖర్చు లేదు. స్టడీ అవర్ అయ్యాక పది నిమిషాలు దినపత్రిక పైకి చదవండి. ఫోనులో రికార్డు చేసి వినండి. మొదటిసారి మన గొంతు మనకే నచ్చదు. మనం మాట్లాడేటప్పుడు పుర్రె ఎముకల గుండా కూడా లోపలి చెవికి చేరుతుంది కాబట్టి మనకు బరువుగా వినిపిస్తుంది, రికార్డులో ఆ బరువు ఉండదు. మైకుకు మరీ ఎదురుగా నోరు పెడితే ప, బ, భ అక్షరాల దగ్గర గాలి దెబ్బ పడుతుంది, కొంచెం పక్కకు తిరగాలి. స, శ, ష తేడా, ల, ళ తేడా సాధన చేయండి. అక్షరం స్పష్టంగా రావడం వేరు, యాస వదిలేయడం వేరు. మొదటిది చేయండి, రెండోది ఎవరు చెప్పినా చేయకండి. ఆకాశవాణి కేంద్రాలు అప్పుడప్పుడు క్యాజువల్ అనౌన్సర్ల కోసం పరీక్షలు పెడతాయి, ఆ ప్రకటనలు చూస్తూ ఉండండి.

మా మిత్రుడు ఇప్పుడు సొంతంగా సౌండ్ సిస్టం నడుపుతున్నాడు. లోకల్ కేబుల్‌కు, ఎఫ్.ఎం.కు ప్రకటనలు చెబుతాడు. ఈ వార్షికోత్సవానికి ఊళ్ళో తిరిగే ఆటో ప్రచారం అతని చేత చెప్పిద్దామని మేము వెళ్ళి అడిగాం. "హాస్టల్ పని, పైసలు వద్దన్నా" అన్నాడు. లోపలికి వెళ్ళి తెల్ల కాగితం ఒకటి తెచ్చి మా ముందు పెట్టి, మా చేతనే రాయించి సంతకాలు తీసుకున్నాడు. ఒక్క రోజు, ఒక్క ఆటో, వార్షికోత్సవానికి మాత్రమే.